ఆపరేషన్ మైనస్ వన్

"మీ అన్నయ్యకి ఒంట్లో బాగాలేదట. వెంటనే బయల్దేరమని ఫోన్ వచ్చింది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ మోషే కుర్చీలోంచి లేవలేదు. ఢిల్లీలో పుట్టి పెరిగిన చీఫ్ అది మామూలు కబురులా వినిపిస్తుందనుకున్నాడు. రాజోలు వాడైన మోషేకి అలా వినిపించలేదు. కోనసీమలో చావుకబురుని ఎవరూ చావుకబురులా చెప్పరు. దూరం నుంచి రావలసిన మనిషి, దారిలో గుండె ఆగిపోతే ఎలా అని, "కాస్త సీరియస్‌గా ఉంది, రండి" అంటారు. దానం అన్నయ్య ఇక లేడని మోషేకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"ఎలా పోయాడు సార్?"

చీఫ్ ఉలిక్కిపడ్డాడు. "పోయాడని నీకెవరు చెప్పారు?"

"మీరే చెప్పారు సార్. మా వైపు అంతే."

చీఫ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కాలవలో దొరికాడు. కడుపులో సారా ఉందన్నారు. తాగే అలవాటుందా?"

"మా అన్నయ్యా? ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం కూడా పెదవికి తగిలించి వదిలేస్తాడు సార్."

"అనుకున్నాను. అయితే ఇది హత్యే. విను."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. అల్లవరం తీరంలో సర్కారు తవ్విస్తున్న గ్యాస్ బావిని పేల్చడానికి ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. బావి పేలితే ఊళ్ళకి ఊళ్ళే బూడిద. "చూశారా, మీకు చేతకాదు" అని మొత్తం తీరం కాంట్రాక్టు తమ కంపెనీకి రాయించుకోవాలని ప్లాను. లీడర్ పేరు హ్యారిస్. కన్సల్టెంట్ వేషంలో సైట్‌లోనే ఉన్నాడు. ఎలా పేలుస్తాడో మాత్రం తెలియదు. దానం ఆ బావి దగ్గరే ప్రెషర్ కొలిచే గేజిల మెకానిక్. ముఠా లోపల మన విభాగం మనిషి ఒకరున్నారు. కోడ్ వర్డ్: "కొబ్బరి ధర పడిపోయిందట." జవాబు: "పడ్డది లేవకపోదు."

"మద్రాసు కంప్యూటర్ ఇంజనీరు సుందరం వేషంలో వెళ్తున్నావు. అన్న ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు. ఈ మిషన్ గురించి ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు. అర్థమైందా?"

"యస్ సార్," అన్నాడు మోషే.

విభాగం వాళ్ళు అతనికి దళసరి కళ్ళద్దాలు, విగ్గు, నుదుటి మీదకి మూడు విభూతి రేఖలు, ఒక పెన్నూ ఇచ్చారు. పెన్నులో రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంది. అన్నీ ఉన్నాయి గానీ అది రాయదు. సర్కారు సొమ్ము మరి!

అమలాపురం నుంచి జీపు అల్లవరం దారి పట్టింది. స్టాఫ్ క్వార్టర్స్ దగ్గర ఒక ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. అరుగు మీద వదిన సువార్తమ్మ కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఆవిడ ఏడవడం లేదు.

"మా గేజి మెకానిక్కండి," అన్నాడు డ్రైవరు. "తాగి కాలవలో పడిపోయేడండి, పాపం."

"అయ్యయ్యో," అన్నాడు సుందరం, అరవ యాసలో. సొంత అన్న చావుకి పరాయి యాసలో అయ్యో అనవలసి రావడం పగవాడికి కూడా వద్దు. విభూతి చెరిగిపోతుందని అతను చెమటైనా తుడుచుకోలేదు.

కంప్యూటర్ గదిలో శరభయ్య ఎదురొచ్చాడు. ప్రోగ్రాములన్నీ ఆయనవే. వేదం చదివిన ఇంటి నుంచి వచ్చి సీ లాంగ్వేజి నేర్చిన మనిషి. చీమకి కూడా దారిచ్చి నడుస్తాడు.

"ఆయ్, రండి రండి సుందరంగారూ. ఎండన పడి వచ్చేరు, ముందు కాఫీ పుచ్చుకోండి."

మోషే కాఫీ పక్కన పెట్టి లైబ్రరీ తెరిచాడు. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల గది కాదు. ఒకసారి రాసి ఉంచుకున్న ఫంక్షన్ల పెట్టె, ఏ ప్రోగ్రాముకి ఏది కావాలంటే అది అందులోంచి తెచ్చుకుంటుంది. అందులో ఒక ఫంక్షన్ పని, బావిలో ప్రెషర్ ఎంతుందో గేజిని అడిగి చెప్పడం. గేజి పలికితే అంకె చెబుతుంది. పలక్కపోతే మైనస్ వన్ అంటుంది, ఎందుకు పలకలేదో ఎర్రర్ నంబరు పక్కన పెడుతుంది. మైనస్ వన్ చూసిందంటే మెయిన్ ప్రోగ్రాము సైరన్ మోగించి, బావి వాల్వ్ తనంతట తనే మూసేస్తుంది. పకడ్బందీ ఏర్పాటే.

కానీ ఆ ఫంక్షన్ కింద ఎవరో తర్వాత నాలుగు లైన్లు చేర్చారు. మైనస్ వన్ వస్తే దాన్ని దాచేసి, అంతకుముందు వచ్చిన పాత అంకెనే మళ్ళీ చూపించమని.

"ఇదేంటండీ శరభయ్యగారూ?" అన్నాడు మోషే. అరవ యాస ఎక్కడో జారిపోయింది.

"అదాండీ..." శరభయ్య మొహమాటపడ్డాడు. "మొదట్లో గేజి వైరు కాస్త తడిసినా మైనస్ వన్ వచ్చేసి సైరన్ మోగిపోయేదండీ. మేనేజరుగారేమో హార్టు పేషెంటు. ఓసారి కలుపుకున్న ముద్ద వదిలేసి పరిగెత్తుకొచ్చేరు. తీరా చూస్తే ఏమీ లేదు. భోజనం దగ్గర చెడ్డకబురు చెప్పకూడదు కదండీ? అంచేత ఎర్రర్లు వేరే ఫైల్లో పడేలా రాసేను. తర్వాత నెమ్మదిగా చెబుదామని."

"తర్వాత చెప్పేరా?"

"తీరిక కుదరలేదండీ."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"దానమని, పోయేడండి పాపం, అతను వచ్చి అడిగేడండి. డయల్లో ఒక అంకె ఉంది, తెర మీద ఇంకో అంకె ఉంది, ఇది ప్రమాదం కదండీ అన్నాడు. చూద్దాంలే అన్నాను. అప్పుడు హ్యారిస్‌గారు కూడా ఇక్కడే..."

మాట సగంలో ఆగిపోయింది. ఆ రోజు హ్యారిస్ వింటుండగా తను ఏం మాట్లాడాడో ఆ పెద్దమనిషికి అప్పుడు తెలిసింది.

తలుపు తోసుకుని ఒకామె లోపలికి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర షిఫాన్ చీర, గదంతా సెంటు. హ్యారిస్ సెక్రటరీ సీతారత్నం. ఆవిడ నడిచొస్తుంటే రిగ్ మీద పని ఆగిపోతుందని సైట్‌లో చెప్పుకునేవారు.

"కొబ్బరి ధర పడిపోయిందట," అంది.

"పడ్డది లేవకపోదు."

ఆమె తలుపు గడియ పెట్టింది. "హ్యారిస్ ఇందాకే గేజి వైరు కోసేశాడు. చేత్తో తిప్పే చక్రం కూడా వాల్వ్‌కి లేకుండా ఊడదీయించాడు. లోపల ప్రెషర్ పెరిగిపోతోంది, తెర మీద మాత్రం అంతా నార్మల్. మీ అన్నయ్య సంగతి..." ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. "చంపుతారని నాకు ముందే తెలుసు. చెబితే నా ముసుగు తొలగిపోతుంది. చెప్పలేదు."

మోషే పిడికిలి బిగిసింది. ఆమె వెనక్కి తగ్గలేదు. కొడితే పడేదే.

"మనుషుల్లా ఏడవడానికి ఇప్పుడు టైం లేదు," అన్నాడు అతను. "శరభయ్యగారూ, ఆ నాలుగు లైన్లూ చెరిపేయండి."

శరభయ్య కీబోర్డు ముందు కూర్చున్నాడు. లైన్లు పోయాయి. ప్రోగ్రాముని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ నెమ్మదిగా కదిలింది, అప్పనపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కదిలినట్టు. కిటికీ బయట పైపులు ఈల వేయడం మొదలుపెట్టాయి. కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది.

ధన్‌మని తలుపు విరిగింది. హ్యారిస్, చేతిలో పిస్తోలు.

"కీబోర్డు వదులు!"

సీతారత్నం లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోంచి వచ్చిన పొగకి హ్యారిస్ కళ్ళు మూసుకుపోయాయి. పిస్తోలు పేలింది. ఆమె భుజం పట్టుకుని కూలబడింది. మోషే ఒక చేత్తో హ్యారిస్ మెడ ఒడిసిపట్టి, రెండో చేత్తో ఎంటర్ నొక్కాడు.

తెర మీద పడింది: మైనస్ వన్. పరికరం పలకడం లేదు.

సైరన్ అల్లవరమంతా దద్దరిల్లేలా మోగింది. బావి మీద వాల్వ్ మూసుకుంది. పైపుల ఈల తగ్గి తగ్గి ఆగిపోయింది. మేనేజరు చేతికి పప్పన్నంతో పరిగెత్తుకొచ్చి, "ఏమైందండీ?" అన్నాడు.

శరభయ్య భోరుమన్నాడు. "తప్పైపోయిందండీ. ముందే చెప్పవలసింది. నా మూలంగా ఓ నిండుప్రాణం పోయిందండీ."

హ్యారిస్‌ని మూసిన వ్యానులో ఎక్కించారు. సీతారత్నాన్ని ఆస్పత్రికి పంపారు. సర్కారు ప్రకటన ఒక్క ముక్క: చిన్న సాంకేతిక లోపం, సరిచేయబడినది. రహస్యం రహస్యంగా ఉండాలి గనక దానం కేసు కూడా ఉన్నచోటే ఉండిపోయింది: తాగిన మైకంలో ప్రమాదం.

మర్నాడు మోషే విభూతి కడుక్కుని, తన ముఖంతో వదిన దగ్గరికి వెళ్ళాడు. షామియానా విప్పేశారు.

"ఇప్పటికి తీరిందా మోషే?" అంది సువార్తమ్మ. "మట్టి వెయ్యడానికి కూడా రాలేకపోయేవు. ఏం ఉజ్జోగమయ్యా అది?"

"సెలవు దొరకలేదు వదినా."

"అందరూ నన్ను ఏడవమంటున్నారు. ఎలా ఏడవను? సమాధి దగ్గర పాస్టరుగారు బలహీనతలంటూ ఏదో అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు కాపరం చేసి, పక్కనున్న మనిషిని తెలుసుకోలేకపోయేనా నేను? నాకు చాటుగా తాగేడా ఆయన?"

చీఫ్ మాట గుర్తొచ్చింది. ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు. పరిస్థితులు చల్లబడ్డాక, ఏ పదేళ్ళకో, తర్వాత నెమ్మదిగా చెబుదామా అనిపించింది. ఛీ అనుకున్నాడు.

"అన్నయ్య తాగలేదు వదినా. నోట్లో బలవంతంగా పోసి, కాలవలో తోసేరు. బావికి ప్రమాదముందని అందరికన్నా ముందు చెప్పింది ఆయనే. చెప్పినందుకే చంపేరు. ఈ ఊరు ఇంకా ఉందంటే ఆయన చెప్పిన తప్పు దిద్దబట్టే."

సువార్తమ్మ గోడకి జారబడి, "నా దేవుడో, నా మనిషిని అనుమానించేనే," అని గుండెలు బాదుకుని ఏడ్చింది. మోషే పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీధిలో జనం పోగయ్యారు. ఎవరు చూస్తే ఏమిటి?

ఢిల్లీలో చీఫ్ ఫైలు తెరిచి అడిగాడు. "రహస్యం ఎక్కడా బయటపడలేదు కదా?"

"లేదు సార్. అంతా నార్మల్."

చీఫ్ ఆ మాటే రాసుకుని, విభాగంలో ఇంత శుభ్రమైన రిపోర్టు ఈమధ్య చూడలేదని మెచ్చుకున్నాడు.