ముందు డాక్టరుగారికి

నిన్న తను దొంగిలించి ల్యాబ్‌కి పంపిన ‘బలం ఇంజెక్షన్’ సీసాలో బలం చుక్కయినా లేదనీ, మనిషి కణాల్లో నిద్రపోతున్న పాత వైరస్ ముక్కల్ని తట్టిలేపే మందు ఉందనీ తెలిసేసరికి నర్సు వేషంలో ఉన్న ఏజెంట్ శ్రీకళ సూదుల ట్రే కింద పెట్టేసింది.

చెవి దుద్దులోని రిసీవర్‌లో చీఫ్ గొంతు.

"మన డీఎన్ఏలో దాదాపు సగం, చోటు మార్చుకుంటూ గెంతే జన్యువుల తాలూకుదే. ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్స్. ఆ పాత వైరస్ ముక్కలూ వీటిలోవే. చాలావాటికి శరీరం తాళం వేసి ఉంచుతుంది. కొన్నిటిని మచ్చిక చేసుకుని, ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో చెప్పే స్విచ్‌లుగా వాడుకుంటుంది. ఈ మందు తాళాలన్నీ ఒకేసారి తీసేస్తుంది."

"గర్భిణుల మీదెందుకు సార్?"

"కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయ ఎదగడానికీ ఆ స్విచ్‌లే కావాలి. దెబ్బ అక్కడ త్వరగా తెలుస్తుంది. అది చూసి ఈ శిబిరం వెనకున్న విదేశీ ముఠా దీన్ని ఆయుధంగా అమ్ముకుంటుంది. మన టీమ్ అమలాపురం దాటింది. వచ్చేదాకా ఒక్క సూదీ దిగకూడదు. నువ్వెవరో మాత్రం వాళ్లకి తెలియకూడదు. తెలిస్తే మిగతా సీసాలు మాయం!"

ఓడలరేవులో పడవల రేవు షెడ్డులో గర్భిణుల వైద్య శిబిరం అప్పుడే మొదలైంది. డాక్టర్ పెద్దిరాజు సెంటు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఛీ, చేపల కంపు! త్వరగా కానీ నర్సూ."

కంపు చేపలది కాదనుకుంది శ్రీకళ.

మొదటి కుర్చీలో ఆరోనెల లావణ్య. పక్కన అత్తగారు రమణమ్మ. పెద్దిరాజు సిరంజి నింపి లావణ్య జబ్బ పట్టుకున్నాడు.

"పిన్నిగారూ!" అంది శ్రీకళ గబగబా రమణమ్మతో. "డాక్టరుగారు పొద్దున్నుంచి నీరసంగా ఉన్నారండి. అందరికీ బలం మందు వేస్తారు గానీ, తను మాత్రం వేయించుకోరు."

"అయ్యో, అదేంటండీ!" రమణమ్మ కోడలి చెయ్యి లాగేసింది. "మా ఊరొచ్చిన మనిషికి పెట్టకుండా మేం తీసుకుంటామా? ముందు తమరండి."

"నాకొద్దమ్మా."

"మొహమాటపడకండి బాబుగారూ!"

"నిజంగా వద్దు!"

"ఆయ్, అందరూ అలాగే అంటారండి!"

అతిథి ఎంత గట్టిగా వద్దంటే అంత మొహమాటపడుతున్నట్టు ఈ ప్రాంతంలో లెక్క. ఇక్కడే పుట్టినా ఆ సంగతి మరిచిపోయాడు పెద్దిరాజు. నలుగురు ఆడవాళ్లు నవ్వుతూ అతని భుజాలు నొక్కి కుర్చీలో కూలదోశారు. రమణమ్మ అతని చొక్కా చెయ్యి పైకి మడిచింది. సిరంజి శ్రీకళ చేతికొచ్చింది. సూది మొన చర్మానికి తగిలింది. బయట టీమ్ జీపులు ఆగిన చప్పుడు.

"గుచ్చకండి! అది విటమిన్ కాదు!" పెద్దిరాజు గావుకేక పెట్టాడు. ఆడవాళ్లు అతన్ని వదిలేసి వెనక్కి తగ్గారు.

"మరి కడుపుతో ఉన్నవాళ్లకి ఎలా వేద్దామనుకున్నారు?" అంది శ్రీకళ సూది తీయకుండానే.

"వీళ్లు ఏమీ అడగరండి, చెయ్యి చాపుతారు. అందుకే ముఠాకి ఈ ఊరు నేనే చూపించేను. మా అమ్మాయికీ ఆరోనెలేనండి. ఏ క్యాంపులోనూ సూది వేయించుకోవద్దని దానికి ముందే ఫోన్ చేసి చెప్పేను."