కోరుట్లలో చల్లబడ్డ రేకు

జగిత్యాల బస్టాండులో ఇంజనీర్ లక్ష్మీరాజాన్ని పట్టపగలు కాల్చేశారు. సాయంత్రానికల్లా ఊరంతా ‘అన్నల పనే’ అని తేల్చేసింది. ఆ రోజుల్లో పిల్లి చచ్చినా నక్సలైట్ల ఖాతాలోనే పడేది.

“కాదు,” అన్నాడు హైదరాబాద్‌లో గూఢచారి విభాగం చీఫ్. “తూటా విదేశీది. అతను కనిపెట్టిన కరెంటు మిషన్ కోరుట్లలో ఉంది. రేపే ట్రయల్. అది నెగ్గితే సిరిసిల్ల పవర్‌లూములకు కరెంటు కోతలుండవు. ఓ విదేశీ ముఠా దాన్ని పేల్చేయాలని చూస్తోంది.”

“అక్కడ మనవాళ్ళెవరు?” అడిగాడు ఏజెంట్ దేవదాస్.

“రాధ. ముఠాలో మన మనిషి.”

“లేక మనలో ముఠా మనిషా?”

చీఫ్ అతని ముందుకు కోరుట్ల బస్సు టికెట్ తోశాడు.

మర్నాడు దేవదాస్, బాగాలేని బీడీలు ఏరి పారేసే కంపెనీ చెకర్ వేషంలో కోరుట్లలో దిగాడు. మిషన్ షెడ్డులో ఉన్నది చెరకు మడ్డి స్పిరిట్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్. వృథాగా పోయే వేడిని గొట్టం వెంట వెనక్కి మళ్ళించి స్పిరిట్‌ను ఆవిరి చేయడమే లక్ష్మీరాజం కనిపెట్టిన కిటుకు. దాంతో అదే స్పిరిట్‌కు ఒకటిన్నర రెట్లు కరెంటు. మిగిలిన వేడి గోడ అవతల, చూరు నీడలో ఉన్న ఓ రేకు కింద నుంచి బయటికి పోతుంది. ముసురు పట్టిందంటే వాడలోని ఆడవాళ్ళంతా ఆ రేకు మీదే బీడీలు ఆరబెట్టి, గోడకు ఆనుకుని బీడీలు చుట్టుకునేవాళ్ళు.

గుమ్మంలో రాధ నిలబడి ఉంది. నెత్తి మీదికి జరిపిన నల్ల కళ్ళద్దాలు, సిల్కు చీర, ముసురులోనూ చెదరని లిప్‌స్టిక్.

“నిజామాబాద్ బస్సు పోయిందా?” అడిగాడు దేవదాస్.

“టైరు పంచరైంది.”

కోడ్‌వర్డ్ సరిగ్గానే ఉంది. అయినా దేవదాస్ మనసు ఒప్పుకోలేదు.

“ట్రయల్ మొదలైంది, అంతా ఓకే. మీరు బయట చూసుకోండి,” అంది రాధ.

గోడ అవతల బీడీలు చుట్టే గంగవ్వ అతన్ని చూడగానే కయ్యిమంది. “గిదేంది సారూ, మిషన్ నడుస్తుంది గని రేకు సల్లగున్నది. బీడీలన్ని మెత్తవడ్డయ్. గివి తీసి పారేస్తే మా కూలి ఎవలిస్తరు?”

దేవదాస్ రేకు మీద చెయ్యి పెట్టి చూశాడు. మిషన్ నడుస్తోంది, వేడి మాత్రం బయటికి రావడం లేదు. ఎవరో ఆ వేడి బయటికి పోయే గొట్టం వాల్వ్ మూసేశారు. వేడంతా స్పిరిట్ ట్యాంకులోకే పోతోంది. ట్యాంకు పేలితే గోడ వెంట కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరూ మిగలరు.

“అందరూ లేచి దూరం పొండి,” అంటూ లోపలికి దూకాడు. ప్రెషర్ ముల్లు అప్పటికే ఎర్రగీత దాటింది. వెనక తలుపు దగ్గర, డ్రాయింగుల సంచీతో రాధ. చేతిలో పిస్తోలు.

“వాల్వ్ ముట్టుకోకు.”

“లక్ష్మీరాజాన్ని కాల్చింది నువ్వేనా?”

“ఊరు అన్నలే అనుకుంటోంది. దీన్నీ అలాగే అనుకుంటుంది.”

ఎందుకు లేవాలో అడుగుదామని చేటతో సహా వెంట వచ్చిన గంగవ్వ అదంతా విన్నది. చేటలోని బీడీ తంబాకు పొడి తీసి రాధ మొహాన కొట్టింది. తూటా పైకప్పులోకి పోయింది. దేవదాస్ నిప్పులా కాలుతున్న వాల్వ్‌ను రెండు చేతులా తిప్పాడు. అరచేతుల తోలు ఊడి వచ్చింది. ముల్లు వణికి, మెల్లగా వెనక్కి జారింది.

తుపాకీ చప్పుడుకు పోలీసులు దిగారు.

“నేను గూఢచారిని,” అన్నాడు దేవదాస్.

“అయితే గుర్తింపు కార్డు చూపెట్టు,” అన్నాడు ఎస్సై.

“గీ సారు మా పానాలు కాపాడిండు,” అంది గంగవ్వ.

ఎస్సై ఆమెను ఎగాదిగా చూశాడు. “అన్నలకు సాక్ష్యం చెప్తున్నవా? నువ్వు గూడ జీపెక్కు.”

చీఫ్ ఫోన్ చేసేదాకా ఇద్దరూ స్టేషన్‌లో నేల మీదే కూర్చున్నారు. పాపం, పెద్దింటి ఆడకూతురు కళ్ళు మండుతున్నాయని, రాధకు మాత్రం ఎస్సై తన కుర్చీ వేసి టీ తెప్పించాడు.