పంపకానికి వచ్చిన కంచుగిన్నె

ధనకేశరి వీధి మలుపులోని గణేశుడికి పూజ చేసుకుని ఇంటికొచ్చేసరికి భర్త మేనమామ అష్టమాన్ చాప మీద కూర్చుని అటుకులు నములుతున్నాడు. పాటన్ కంచరివాళ్లలో అన్నదమ్ములు వేరుపడాలంటే మేనమామ రావాల్సిందే. ఆయన నిన్న పొద్దున్నే దిగాడు, ఆకలితో సహా.

ఇల్లు, కొలిమి, సుత్తులు అన్నీ నిన్ననే పంచేశారు. మిగిలింది ముత్తాత నాటి కంచుగిన్నె ఒక్కటే. అలాంటిది ఇప్పుడు చేసేవాళ్లు లేరు. కర్రతో అంచు మీద తడితే చాలు, లేచిన నాదం ఇల్లంతా నిండి ఎంతసేపటికో గానీ అణగదు. ఆ ఇంట్లో చేసిన ప్రతి గిన్నెనూ దాని పక్కన మోగించి చూస్తారు. నాదం కలిస్తేనే అమ్మకానికి, లేకపోతే మళ్లీ కొలిమిలోకే. అది చేజారినవాడు పని మానుకోవాల్సిందే.

"పెద్దవాణ్ణి నేను. గిన్నె నాది," అన్నాడు ధనకేశరి భర్త హేరాకాజీ.

"పెద్దరికం ఇప్పుడు గుర్తొచ్చిందా?" మరిది జుజుమాన్ ఎగిరిపడ్డాడు. "రెండేళ్లుగా గొంతు చించుకుని పిలిచినా తిరిగి చూడవు. కుక్క మొరిగినా ఎవరో ఒకరు తిరిగి చూస్తారు!"

"మాటలు జాగ్రత్త, జుజూ," అంది ధనకేశరి.

సుత్తి దెబ్బల మధ్య బతికిన హేరాకాజీకి చెవులు రెండూ పోయాయని ఆమె ఒక్కదానికే తెలుసు. ఎదుటివాళ్ల పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. గిన్నెలు పరీక్షించేటప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని, నాదం కలిస్తే శాలువా సర్దుకునేది. అది చూసి ఆయన గంభీరంగా "బాగుంది" అనేవాడు. చెవిటివాడు చేసిన గిన్నె ఎవడు కొంటాడని ఆయన భయం. మొగుడి పరువు పోతుందని ఆమె భయం.

"అరవకండిరా, అటుకులు గొంతుకు అడ్డం పడుతున్నాయి!" అష్టమాన్ చేతులు దులుపుకున్నాడు. "నాదం గుర్తుపట్టినవాడిదే గిన్నె. ఇద్దరూ గడపవైపు తిరగండి. నేను వెనక నాలుగు గిన్నెలు మోగిస్తాను. మీ ముత్తాతది మోగగానే చెయ్యెత్తండి."

ధనకేశరి టీ పళ్లెంతో గడప దగ్గర నిలబడిపోయింది. భర్త కళ్లు ఆమె మీదే ఉన్నాయి. ఇంత అన్యాయానికి ఒడిగట్టాలా అని ఒక్క క్షణం అనిపించింది. అయినా పళ్లెం కింద పెట్టింది.

మొదటి గిన్నె మోగింది. కాదు. రెండోదీ కాదు. మూడోది మోగగానే ఆమె ఒళ్లు ఝల్లుమంది. చెయ్యి దానంతటదే శాలువా మీదకు వెళ్లింది.

హేరాకాజీ చెయ్యి సగం లేచింది. అంతలో పక్కకు చూశాడు. తమ్ముడు కళ్లు మూసుకుని, నాన్న ఒళ్లో కూర్చుని విన్న చిన్నప్పటి ముఖంతో చెయ్యెత్తి ఉన్నాడు. హేరాకాజీ చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగింది.

"ఏరా హేరా, నీ చెయ్యేది?" వెనకనుంచి అడిగాడు మామ. హేరాకాజీ వెనక్కి తిరగలేదు. "ఒరేయ్, నిన్నే!"

"చూశావా మామా, నీతో కూడా అదే పొగరు!" అంటూ కళ్లు తెరిచిన జుజుమాన్, అన్న ముఖం చూసి ఆగిపోయాడు. మామ అరిచిన సంగతే ఆ ముఖంలో లేదు.

"వదినా, ఏంటిది?"

ధనకేశరి ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆమెను చూసి గుట్టు బయటపడిందని హేరాకాజీకి అర్థమైంది.

"గిన్నె తమ్ముడికే ఇచ్చెయ్ మామా. నాకు ఏదీ వినపడదు. రెండేళ్లుగా నీ కోడలి చెవులతో నెట్టుకొస్తున్నాను."

జుజుమాన్ అన్నకు ఎదురుగా వచ్చి కూలబడ్డాడు.

"పోయిన చలికాలం కొలిమి దగ్గర కాలు కాలి 'అన్నా' అని అరిచాను. నువ్వు తిరగలేదు. వేరుపడాలని ఆ రోజే అనుకున్నాను."

హేరాకాజీ ఆ పెదవులనే చూస్తూ ఉండిపోయాడు. "నన్ను పిలిచావట్రా?"

"నా తప్పే, జుజూ. నీకైనా చెప్పాల్సింది," అంది ధనకేశరి.

జుజుమాన్ గిన్నె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "మన గిన్నెల మంచిచెడ్డలు ఇక నువ్వే చెప్పు వదినా, అందరి ముందే." తర్వాత అన్న ముఖాన్ని రెండు చేతులతో తనవైపు తిప్పుకుని, నెమ్మదిగా పెదవులు కదిపాడు.

"అన్నా."

"ఆఁ, చెప్పరా," అన్నాడు హేరాకాజీ.

చెప్పడానికి ఏమీ లేక జుజుమాన్ భోరుమన్నాడు.