చివరి బెంచీ వాక్యాలు

"నా ఎర్ర పెన్ను ఎవరు తీశారు?"

టీచరమ్మ గొంతు వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వినిపించింది. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. బల్ల మీద ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు నలభై రెండు, రెండు దొంతర్లుగా ఉన్నాయి. వాటిలో పదకొండు ఇంకా దిద్దనే లేదు. తొమ్మిదింటికల్లా అన్నీ బళ్ళో పెద్ద సిస్టర్ గదిలో ఉండాలి... ఇప్పుడు చూస్తే పెన్ను లేదు!

"నేనే తీశానమ్మాయ్! దానికింత గావుకేకలు దేనికి?" అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలోంచి తల ఎత్తకుండానే అంది. ఆవిడ ఒళ్ళో పేపరుంది, పేపర్లో గళ్ళ నుడికట్టు సగం ఎర్రగా నిండి ఉంది. "అడ్డం ఏడు తెమలట్లేదు. ఐదక్షరాలు. నువ్వు చెప్పావంటే పెన్ను ఇచ్చేస్తా."

"అత్తయ్యా! ఇంట్లో నీలం పెన్నులు తొమ్మిదున్నాయి. నేను దిద్దుకునేది అదొక్కటే!"

"నీలంతో రాస్తే నాకు ఆనట్లేదు. నీ మొగుడు చేసిచ్చిన కళ్ళజోడు అంత గొప్పది మరి!"

కళ్ళజోళ్ళ దుకాణంలో పదిహేనేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్న ఆ మొగుడు బూటు లేసు కట్టుకుంటూ నవ్వాడు. "నా కళ్ళజోడుని ఆడిపోసుకోకమ్మా. ముందు దాన్ని నెత్తి మీంచి కళ్ళ మీదకి దించు!"

మామూలప్పుడైతే ఈ మాటకి కూతురు పగలబడి నవ్వేది. ఆ పిల్ల నవ్వితే ఇల్లంతా కిచకిచలాడుతుందనే నాయనమ్మ 'పిచ్చుక' అని పేరు పెట్టింది. ఇవాళ పిచ్చుక పాలగ్లాసు ముందు కూర్చుని గోడ గడియారం వంక చూస్తోంది. యూనిఫాం వేసుకుంది, రెండు జడలూ తనే అల్లుకుంది.

"అమ్మా, నా పుస్తకం దిద్దావా?"

"దిద్దాను. పదికి పదీ కరెక్టే. రిబ్బను వంకరగా ఉంది, సరిచేసుకో."

"చదివావా?"

"చదవకుండా దిద్దుతానా? పదపద, నీ బస్సు టైమైంది!"

పిచ్చుక ఒక్క క్షణం అమ్మ వంక చూసింది. ఏదో అనబోయి, సగం పాలు గ్లాసులోనే వదిలేసి, సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. పాలు పొంగాయి. టీచరమ్మ 'అయ్యో' అంటూ అటు పరిగెత్తింది.

తల్లీకూతుళ్ళిద్దరిదీ ఒకే బడి. కానీ ఏనాడూ కలిసి వెళ్ళలేదు. కూతురు బస్సులో, పది నిమిషాల తరవాత తల్లి నడిచి! అది టీచరమ్మ పెట్టిన కట్టుబాటు. సిస్టర్లు నడిపే ఆ మిషన్ బడిలో ఆమె పంతొమ్మిదేళ్ళుగా భాష చెబుతోంది. వ్యాకరణమంటే పిల్లలు పారిపోకుండా చెప్పగలదని పేరు. పిచ్చుక ఆరో తరగతిలో చేరిన రోజున స్టాఫ్ రూములో లెక్కల టీచరు నవ్వుతూ, "ఇంకేం, ఫస్టు ర్యాంకు ఇక మీ ఇంట్లోనే!" అంది. ఆమె సరదాకే అని ఉండొచ్చు. కానీ ఆ మాట టీచరమ్మ గుండెలో ములుకులా దిగబడిపోయింది. తన పేరు మీద మచ్చ పడకూడదు... ఎవరూ వేలెత్తి చూపకూడదు! ఆ సాయంత్రమే కూతుర్ని కూర్చోబెట్టి చెప్పింది. బడి గేటు దాటాక అమ్మా అని పిలవకూడదు, మేడమ్ అనాలి. చివరి బెంచీలో కూర్చోవాలి. చెయ్యెత్తినా ముందు మిగతా వాళ్ళని అడిగాకే తనని అడుగుతుంది. పిల్ల బుద్ధిగా తలూపింది. మూడేళ్ళుగా ఊపుతూనే ఉంది.

పైగా ఇప్పుడు సమయం కూడా అలాంటిది! భాషకి సూపర్‌వైజర్‌గా ఎవరిని వెయ్యాలో ఈ నెలాఖరున పెద్ద సిస్టర్ చెబుతారు. అందుకే పుస్తకాలు చూస్తామన్నారు. ప్రతి గురువారం పిల్లలు పది కొత్త మాటలకి పది సొంత వాక్యాలు రాసి ఇవ్వాలి, శుక్రవారం దిద్ది తిరిగి ఇవ్వాలి. నలభై రెండు పదులు నాలుగు వందల ఇరవై వాక్యాలు! కూరలో ఉప్పు వేస్తూ, కుక్కరు కూతలు లెక్కపెడుతూ దిద్దేది టీచరమ్మ. మాట సరైన చోట పడిందా, క్రియ కుదిరిందా, చివర చుక్క ఉందా... అంతే! ఎర్ర టిక్కు, తరవాతి వాక్యం.

ఆ రోజు రెండో పీరియడు ఎనిమిదో తరగతి. పర్యాయపదాలు మొదలుపెడుతూ హాజరు తీసుకుంది. చివరి బెంచీ ఖాళీగా ఉంది.

"రాలేదు మేడమ్," అంది పక్కనుండే పిల్ల.

ప్రార్థనా మందిరంలో పాటల బృందం ప్రాక్టీసులో ఉండి ఉంటుంది, చెప్పి వెళ్ళాలని తెలీదా... అని చిరాకు పడింది టీచరమ్మ. తన కూతురైనా సరే, నియమం నియమమే! పేరు ఎదురుగా ఎర్రగా 'ఆ' అని ఆబ్సెంటు వేసి, సుద్దముక్క అందుకుంది. ఇంటి నుంచి బయల్దేరిన పిల్ల బళ్ళో లేదంటే ఏ తల్లయినా బెంబేలెత్తిపోతుంది. తనకి ఆ క్షణాన ఆ భయం ఎందుకు కలగలేదో ఆ తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకి అంతుపట్టలేదు.

బోర్డు మీద మూడో మాట రాస్తుండగా ఆయమ్మ గుమ్మంలో నిలబడింది. "టీచరమ్మా, పెద్ద సిస్టర్ రమ్మంటున్నారు. ఉన్నపళంగా!"

పెద్ద సిస్టర్ గదిలో పుస్తకాల దొంతర అలాగే ఉంది. ఒక్క పుస్తకం మాత్రం ఆవిడ ముందు తెరిచి ఉంది. అందులో ఉన్నది పిచ్చుక చేతిరాత.

"కూర్చోండి. ఇది మీరే దిద్దారా?"

"అవును సిస్టర్. ఏమైనా తప్పు వదిలేశానా?"

"తప్పేమీ లేదు. కాస్త బయటికి చదువుతారా? నెల కిందటి గురువారం నుంచి... నేను పెన్సిలు గీత పెట్టినవి చాలు."

టీచరమ్మ చదవడం మొదలుపెట్టింది. క్లాసులో చదివే గొంతుతోనే, స్పష్టంగా.

"నిష్పక్షపాతం... మా టీచర్ నిష్పక్షపాతం కోసం నా చేతిరాతకి రెండు మార్కులు తగ్గించింది."

"నిరీక్షణ... చెయ్యెత్తి నిరీక్షించడం చివరి బెంచీకి అలవాటైపోయింది."

"అపరిచితురాలు... బడి గేటు లోపల మా అమ్మ నాకు అపరిచితురాలు."

ఆ వాక్యం పక్కన ఎర్ర టిక్కు ఉంది. దాని పక్కన తన చేతిరాతే! 'బాగుంది' అని.

పెద్ద సిస్టర్ పేజీ తిప్పారు. అది నిన్నటి పేజీ.

"విన్నపం... నా విన్నపం ఎవరైనా చదువుతారేమోనని ప్రతి గురువారం ఆశపడతాను."

"ద్వారం... పెద్ద రోడ్డు మీది బడికి రెండు ద్వారాలున్నాయి, ఏ ద్వారంలోనూ మా అమ్మ ఉండదు."

"సంకల్పం... రేపు అక్కడికి వెళ్ళి చేరిపోవాలని... సంకల్పించుకున్నాను..."

పుస్తకం చేతిలోంచి జారిపోయింది.

"నాలుగు వారాలుగా ఆ పిల్ల మీకు ఉత్తరం రాస్తోందమ్మా!" పెద్ద సిస్టర్ మెల్లగా అన్నారు. "ఇవాళ వచ్చిందా?"

రాలేదు! తనే కదా 'ఆ' అని వేసింది... తన చేత్తోనే! టీచరమ్మ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. నెల కిందటి పదసంపద పోటీ కళ్ళ ముందు తిరిగింది. గెలిచిన పిల్ల ఈ టర్మంతా శుక్రవారం ప్రార్థనలో బడి అందరి ముందూ నిలబడి బైబిలు వాక్యం చదవాలి. పిచ్చుక అందరికంటే ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకుంది. ఆ రాత అంత అందంగా ఉందే... అయినా 'చేతిరాత' అని రెండు మార్కులు కోసి, మొదటి స్థానం రెండో పిల్లకి ఇచ్చింది. ఎందుకు కోసిందో తనకి తెలుసు. పిల్లకి తెలియదనుకుంది!

"సిస్టర్... నేను..."

"తరవాత మాట్లాడుకుందాం. ముందు వెళ్ళండి!"

గేటు బయటికి వచ్చాక భర్తకి ఫోను చేసింది. మాట తిన్నగా రాలేదు. "ఏమండీ... పిల్ల... బళ్ళో లేదండీ... పెద్ద రోడ్డు బడికి వెళ్ళినట్టుంది..." "షాపు వదిలి వస్తున్నా. నువ్వు ముందు నడువు!" అన్నాడాయన. ఇంటికి చేస్తే అత్తగారు అదిరిపడింది. "అయ్యో, పొద్దున్నే పుట్టినతేదీ కాగితం అడిగిందమ్మాయ్! బళ్ళో కావాలందంటే బీరువా తీసి నేనే ఇచ్చాను! నా చేతులు విరిగిపోనూ!"

పెద్ద రోడ్డు అక్కడికి నాలుగు వీధుల అవతల ఉంది. టీచరమ్మ పరిగెత్తింది. పంతొమ్మిదేళ్ళుగా వరండాలో 'పరిగెత్తకండి' అని పిల్లల్ని అరిచిన మనిషి, కొంగు జారుతున్నా, చెప్పు తెగినా చూసుకోకుండా పరిగెత్తింది. టైర్ల కొట్టు ముందు లారీ వెనక్కి వస్తోంది. ఇక్కడే దాటి ఉంటుందా? ఒక్కతే! మలుపు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎవరో సైకిలు గొలుసు బిగించుకుంటున్నాడు. ఆ దేవుడికి వేనవేల దండాలు... ఇంకో వందడుగులు... గేటు మూసేశారేమో, పిల్ల అక్కడ లేకపోతే ఎటు వెళ్ళాలి? అసలు ఎవరిని అడగాలి?

రెండు ద్వారాలున్న బడి. ఎడమ వైపు గుమ్మం పక్కన ఆఫీసు గది. లోపల బెంచీ మీద రెండు జడలు... ఒక రిబ్బను ఇంకా వంకరగానే ఉంది!

గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూస్తూ చెబుతున్నాడు. "అర్థం చేసుకోవాలమ్మా. ఫారం నువ్వు చక్కగా నింపావు, ఒక్క కొట్టివేత లేదు. కానీ తల్లో తండ్రో సంతకం పెట్టాలి. గంట నుంచీ అదే చెబుతున్నా."

"మా టీచర్ సంతకం చాలదాండీ?" అంటోంది పిచ్చుక.

అడుగుల చప్పుడు విని వెనక్కి తిరిగింది. తల్లిని చూసింది. ఒంటి మీద యూనిఫాం ఉందిగా... అలవాటైన మాటే వచ్చింది.

"గుడ్ మార్నింగ్, మేడమ్."

ఆ ఒక్క మాట టీచరమ్మని నిలువునా కూల్చేసింది. కొట్టినా, తిట్టినా, ఏడ్చినా ఓర్చుకునేది. లేచి, చేతులు కట్టుకుని, అంత మర్యాదగా!

గుమాస్తా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరెవరమ్మా? ఈ పిల్ల టీచరా?"

"తల్లినండీ..." అంది టీచరమ్మ. ఆపైన గట్టిగా, వరండాలో పిల్లలంతా ఆగి చూసేంత గట్టిగా అంది. "నేను దీని తల్లినండీ!"

పిచ్చుక చేతులు ఇంకా కట్టుకునే ఉంది. తల్లి వచ్చి ఆ చేతులు విడదీసింది, వంకర రిబ్బను విప్పింది, మళ్ళీ తిన్నగా కట్టింది.

"చదివాను తల్లీ... ఇవాళ చదివాను!"

"నా చేతిరాత బాలేదా అమ్మా?" పిల్ల వెక్కుతూ అడిగింది. "నిజం చెప్పు. బాలేదా?"

"నా క్లాసులో అంత చక్కటి రాత ఇంకెవరికీ లేదు. నేనే... నేనే పాపిష్టిదాన్ని!"

గుమాస్తా గొంతు సవరించుకుని, నింపిన ఫారం మడిచి టీచరమ్మ చేతికిచ్చాడు. "ఇంటికెళ్ళి మాట్లాడుకోండమ్మా. సోమవారం దాకా టైముంది," అన్నాడు.

అందరూ కంచాల ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. మామూలుగా ఆ వేళకి ఇంట్లో అత్తగారొక్కతే ఉంటుంది. టీచరమ్మ దారిలో ఎదురొచ్చిన భర్తకి పిల్లని అప్పగించి, మళ్ళీ బడికి వెళ్ళి, పెద్ద సిస్టర్‌తో పది నిమిషాలు మాట్లాడి వచ్చింది. ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు. కూర వడ్డించింది. తను మాత్రం కలుపుకున్న ముద్ద నోట పెట్టలేదు.

"నా షాపు అద్దాలు ఊళ్ళో అందరికీ పనికొస్తున్నాయి," భర్త కంచం వంక చూస్తూ అన్నాడు. "మనింట్లో ఎవరికీ పనికొచ్చినట్టు లేదు. నాకూ కనబళ్ళేదు. రోజూ ఎదురుగా కూర్చుని తింటూనే ఉన్నాను."

అత్తగారు నెత్తి మీది కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

టీచరమ్మ మడిచిన ఫారం తెచ్చి కూతురి కంచం పక్కన పెట్టింది. అడుగున సంతకం ఉంది. ఎర్ర సిరాతో కాదు, నీలం పెన్నుతో.

"సోమవారం ప్రార్థన అయ్యాక అందరి ముందూ నిలబడి చెబుతాను," అంది. "పోటీలో మొదటి స్థానం నా కూతురిదే, రెండు మార్కులు అన్యాయంగా కోశాను, అని. ఆ రెండో పిల్లకి కూడా క్షమాపణ చెప్పుకుంటాను, దాని తప్పేం లేదు పాపం. ఎనిమిదో తరగతి ఇక నేను చెప్పను. సూపర్‌వైజర్ పనికి నా పేరు తీసెయ్యమని చెప్పేశాను. నాలుగు వారాలు కన్నబిడ్డ మాట చదవలేని దాన్ని ఇంకొకళ్ళు దిద్దినవి ఏం చూస్తాను?"

"పంతొమ్మిదేళ్ళమ్మాయ్..." అంది అత్తగారు.

"అవునత్తయ్యా." తల తిప్పి కూతురితో అంది. "నువ్వు ఉంటావో, ఆ బడికి వెళతావో నీ ఇష్టం తల్లీ. సంతకం పెట్టేశాను. ఇక నిన్ను అడ్డుకోను."

పిచ్చుక ఫారం విప్పి సంతకం చూసింది. మళ్ళీ మడిచింది. చింపలేదు, ఇవ్వనూ లేదు. కంచం కింద పెట్టుకుంది. ముగ్గురూ ఆ చిన్న చేతుల్నే చూస్తున్నారు.

"ఇప్పుడే చెప్పలేను," అంది. "సోమవారం నువ్వు మాట్లాడేది విన్నాక చెబుతా."

"సరేనమ్మా." టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. పిల్ల ఉంటుందో, వెళ్ళిపోతుందో! ఈ రెండు రోజులూ ఎలా గడుస్తాయో!

"సోమవారం ఎన్నింటికి బయల్దేరతావు?" పిచ్చుక అడిగింది.

"ఎనిమిదింటికి... నీ బస్సు వెళ్ళాక."

పిచ్చుక ముద్ద కలుపుతూ తల అడ్డంగా ఊపింది.

"సోమవారం నేను బస్సెక్కను. నీతో నడిచొస్తా. గేటు లోపలికి కూడా."