ఆగకుండా చదివిన అన్విత

ఆ రోజు చేయాల్సిన పనులు: కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద కప్పిన పట్టాలు తీయాలి. కోతకొచ్చే కూలీలకు మంచినీళ్ల డబ్బాలు పంపాలి. పాలు కేంద్రంలో పోయాలి. బడికి సెలవు చెప్పాలి. అన్వితకు తలంటు పోయాలి. పదకొండు గంటలకల్లా గుంటూరు చేరాలి. అన్నిటికంటే ముందు, అన్విత చేత పాఠం ఇంకోసారి అప్పజెప్పించాలి.

ఈ ఆఖరి పని గురునాథం పెట్టుకున్నది. అందుకే పొద్దు పొడవకముందే కూతుర్ని లేపి వసారాలో కూర్చోబెట్టాడు.

"వాన వచ్చింది. పైరు తలెత్తింది. ఊఁ, తర్వాత?"

"రైతు గట్టు మీద నిలబడి నవ్వాడు," అంది అన్విత, కళ్లు మూసుకునే.

"కళ్లు తెరువమ్మా. పుస్తకంలో వేలు పెట్టి చెప్పు. మధ్యలో ఆగావనుకో, దీనికి రాదనుకుంటారు."

వంటింట్లోంచి కనకలక్ష్మి బయటికొచ్చింది. "ఏవండీ, ఏమీ చదివించొద్దు, మామూలుగా తీసుకురండి అని ఆ గుంటూరు మేడం ఫోన్లో చెప్పింది గదా."

"పైకి అందరూ అలాగే అంటారే. టెస్టు అన్నాక చదివించకుండా పంపే తండ్రి ఉంటాడా? గుంటూరులో ఎల్‌కేజీ సీటుకే కోచింగ్ ఇస్తున్నారు."

అన్విత ఐదో తరగతి. లెక్క నోటితో అడిగితే అన్నీ చెప్పేస్తుంది. ఒకసారి విన్న కథను ఇంటికొచ్చి అక్షరం పొల్లు పోకుండా చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం బిగుసుకుపోతుంది. "చదువుల సైకాలజిస్టుకు చూపించి రిపోర్టు తీసుకురండి. ఇబ్బంది ఎక్కడుందో తెలిస్తే దానికి తగ్గట్టు చెప్తాం," అన్నది ప్రత్తిపాడు బళ్లో హెడ్మిస్ట్రెస్. సైకాలజిస్టు అనే మాట వినగానే గురునాథం మండిపడ్డాడు. తర్వాత, అక్కడ పెట్టేది ఒక టెస్టు అని తెలిసి చల్లబడ్డాడు. టెస్టయితే గట్టెక్కొచ్చు. తన కూతురు మొద్దు కాదని కాగితం మీద రాయించుకుని వచ్చి, ఆ హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పెట్టొచ్చు.

బయలుదేరేసరికి గురునాథం తల్లి సుబ్బరావమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనూ వస్తున్నానురా."

"మోకాళ్ల నొప్పులతో నువ్వెందుకమ్మా? అదేమన్నా తిరునాళ్లా, చూడ్డానికి?"

"తిరునాళ్లకు నువ్వెప్పుడు తీసుకెళ్లావులే! ఆటో పిలువు."

గుంటూరు కొత్తపేటలో ఒక మందుల కొట్టు పై అంతస్తులో ఉంది సైకాలజిస్టు మహిమ మేడం గది. ఆమె అన్వితను నవ్వుతూ లోపలికి తీసుకెళ్లి, పెద్దవాళ్లను బయట బెంచీ మీద కూర్చోమంది. కాసేపు బొమ్మలు, చెక్కముక్కలు కదిలిన చప్పుడు. అన్విత నవ్వు కూడా వినిపించింది. తర్వాత ఆ చప్పుళ్లు ఆగాయి. ఆ తర్వాత గొంతు.

"వాన వచ్చింది. పైరు తలెత్తింది. రైతు గట్టు మీద నిలబడి నవ్వాడు..."

గురునాథం ముఖం వెలిగిపోయింది. "విన్నావా? ఎక్కడన్నా తడబడిందా? నా కూతురే అది!"

కనకలక్ష్మి లేచి తలుపు అద్దంలోంచి చూసింది. అన్విత ముందు ఒక కాగితం ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో ఒక పిల్లి కథ ఉంది. ఆ పిల్లి కథ మీద వేలు జరుపుతూ అన్విత వాన పాఠం చెబుతోంది. వేలు కాగితం అడుగుకు చేరింది. పాఠం ఇంకా మిగిలింది. బిడ్డ వేలిని మళ్లీ పై వరుసకు తెచ్చుకుని, ఆగకుండా చెప్పుకుపోయింది.

కనకలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇలా వచ్చి చూడండి," అంది భర్తతో. "వినడం కాదు, చూడండి."

గురునాథం వెళ్లి చూశాడు. వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

కొంతసేపటికి మహిమ మేడం అందరినీ లోపలికి పిలిచింది. అన్విత తండ్రిని చూడగానే పరుగున వచ్చింది. "నాన్నా, ఆగలేదు నాన్నా! పాసయ్యానా?"

అతను కూతురి తల నిమిరాడు. మహిమ మేడమే, "చాలా బాగా చెప్పావు తల్లీ. అక్కడ రంగులున్నాయి, నీకిష్టమైన బొమ్మ వేస్తుండు," అని పక్కగదిలోకి పంపింది.

"టెస్టు అన్నారు మేడం," అన్నాడు గురునాథం తల వంచుకుని. "అందుకే..."

"అందుకే నెల నుంచీ దాన్ని నిద్రపోనివ్వలేదండీ!" కనకలక్ష్మి ఏడుపు కోపమైంది. "వద్దు వద్దంటే విన్నారా? రాదని చెప్పుకోవడానికి కూడా దానికి దారి లేకుండా చేశారు!"

"మొద్దు అంటున్నారే ఊళ్లో! తండ్రిని, నేను విని ఊరుకోవాలా?"

"ఇందులో పాసూ ఫెయిలూ లేవండి," అంది మహిమ మేడం నెమ్మదిగా. "బిడ్డ ఎక్కడ ఆగుతుందో చూడ్డానికే ఇదంతా. బీపీ చూపించుకునేముందు మాత్ర మింగి వస్తే మాకేం తెలుస్తుంది? ఇందాక ఒక మాట చెప్పింది. రెండో అక్షరం దగ్గరికి వెళ్లేసరికి మొదటిది పోతుందట. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదట. ఇవాళ చూసింది చాలదు, వచ్చేవారం మళ్లీ తీసుకురండి. ఇంకొక్కటి అడగాలి. మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు చదవడం ఇలా కష్టమైందా?"

"లేదండి," అన్నాడు గురునాథం వెంటనే. పెళ్లి సంబంధాల వాళ్లు అడిగినప్పుడు చెప్పినట్టు. "మా వంశంలో ఎవరికీ లేదు."

"ఉన్నాడు," అంది సుబ్బరావమ్మ.

"అమ్మా!"

"నువ్వుండరా. నేనొచ్చింది ఇందుకే." ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "నా చిన్నకొడుకు, శివరామకృష్ణ. వీడికి తమ్ముడు. ఈ పిల్లలాగే పాఠాలన్నీ చిలకలా చెప్పేవాడు. పదో తరగతి పరీక్షల్లో అన్నీ పోయాయి. వాళ్ల నాన్న కొట్టాడు. మొద్దువెధవా అని నేనే తిట్టాను తల్లీ, ఈ నోటితోనే. పొద్దుగూకేలోగా పత్తిచేలో ప్రాణం తీసుకున్నాడు. ఊరికి మాత్రం పాము కరిచిందని చెప్పాం. అప్పట్నుంచీ ఆ పేరు మా ఇంట్లో ఎవ్వరూ పలకలేదు."

కనకలక్ష్మి నిర్ఘాంతపోయింది. మరిది పాము కరిచి పోయాడనే కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమె నమ్ముతోంది.

గురునాథం నేల చూస్తూ మాట్లాడాడు. "నేనే చదివి వినిపించేవాణ్ణి మేడం. వసారాలో కూర్చోబెట్టుకుని. వాడు వినేవాడు, తిరిగి చెప్పేవాడు. మాస్టారు లేపితే గడగడా అప్పజెప్పేవాడు. వాడికి వచ్చనుకున్నాం అందరం. పరీక్షలో తెలియని ప్రశ్న చదువుకోవాల్సొచ్చింది, అక్కడ నేను లేను." అతని భుజాలు కదిలిపోయాయి. "నేను వాడికి సాయం చేస్తున్నాననుకున్నాను."

సుబ్బరావమ్మ కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. తర్వాత మహిమ మేడం వైపు తిరిగి అడిగింది.

"అయితే మావాడు మొద్దు కాదా అమ్మా?"

"నేను చూడని బిడ్డ గురించి చెప్పలేనండి," అంది మహిమ మేడం. ఆమె కళ్లు కూడా తడిసి ఉన్నాయి. "కానీ మొద్దు అనే జబ్బు మా చదువులో లేదు, పెద్దమ్మగారూ."

ఆ ముసలామె అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్లూ పాము కాటుకు పోయాడని ఏడ్చినట్టు నటించింది. ఇప్పుడు కొడుకు కోసం ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో అన్విత తండ్రి ఒళ్లో కూర్చుంది. "రేపు ఏ పాఠం నాన్నా?"

"ఏమీ లేదమ్మా. పొద్దెక్కేదాకా పడుకో. రాకపోతే రాదని చెప్పు. ఎక్కడ ఆగితే అక్కడే నేనూ ఆగుతాను."

అన్విత అతని ముఖంలోకి కాసేపు చూసి, నమ్మి, వెనక్కి వాలింది. తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది. "శివరామకృష్ణ ఎవరు నాయనమ్మా? పక్కగదిలోకి ఆ పేరు వినపడింది."

"మీ బాబాయి."

"మనింటికి ఎందుకు రాడు?"

సుబ్బరావమ్మ కొడుకు వైపు చూసింది. గురునాథమే చెప్పాడు. "లేడు తల్లీ. ఉండాల్సినవాడే. మాకు తెలియక పోగొట్టుకున్నాం."

ఈ కథ చదివినవాళ్లను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో ఒక బిడ్డ పుస్తకం ముందు ఆగిపోతే, మీ నోటికి మాట వచ్చేముందు శివరామకృష్ణను ఒక్కసారి తలుచుకోండి. సుబ్బరావమ్మగారి చిన్నబ్బాయి. అన్న చదివితే శ్రద్ధగా వినేవాడు. దయచేసి అతన్ని గుర్తుంచుకోండి.