ఉస్తాద్ బనీను

నగేష్ సాయిలును నడుం పట్టి ఎత్తాడు. ఎత్తడంలో ఏ లోపమూ లేదు. చంక కింద తల దూర్చి, కాలు అడ్డం పెట్టి, బియ్యం బస్తాను లారీలోంచి దించినంత సులువుగా గాల్లో ఒక చుట్టు తిప్పాడు. మట్టి గుంత గట్టు మీద కూర్చుని చూస్తున్న భోజన్న ఉస్తాద్ చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. అంతలో నగేష్ అరచెయ్యి సాయిలు మెడ కిందికి, మోకాలు నడుం కిందికి చేరాయి. సాయిలు వీపు మట్టికి రెండు వేళ్ల ఎత్తున ఆగిపోయింది. చంటిపిల్లను ఉయ్యాలలో వేస్తే కూడా అంత మెత్తగా దిగదు.

భోజన్న మీసం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"మళ్ల పెట్టినవ్ చెయ్యి," అన్నాడు.

"నేను పెట్టలే ఉస్తాద్. అదే పోతున్నది," అన్నాడు నగేష్.

"అదే పోతే నువ్వెందుకున్నవ్ ఆడ?"

కుస్తీలో రెండు భుజాలూ మట్టికి తగిలితేనే చిత్ అయినట్టు, అంటే ఓడినట్టు. తగలకపోతే ఎంత అందంగా ఎత్తి పడేసినా లెక్కలోకి రాదు. ఆ సంగతి కొత్తకుంటలో కోళ్లకు కూడా తెలుసు.

పక్కనే స్టూలు మీద కూర్చున్న డాక్టర్ అరుంధతి టాబ్లెట్‌లోంచి తల ఎత్తకుండా, "సిగ్నల్ చాలా బాగుందండీ. మీ రికార్డింగ్‌కీ నగేష్ కదలికకీ తేడా దాదాపు లేదు," అంది. ఆమె సంతోషించింది. సంతోషించిన మనిషి కుస్తీలు నేర్పే ఆ తాలీంలో ఆమె ఒక్కతే.

ఆమె తెచ్చిన యంత్రం పేరు మోటార్ మెమరీ వెస్ట్. చూడటానికి బూడిదరంగు బనీను, అందుకే ఊళ్లో దాన్ని ఉస్తాద్ బనీను అన్నారు. అదెలా పనిచేస్తుందో ఆమె మొదటిరోజే చెప్పింది. సైకిల్ తొక్కడం వచ్చినవాడు ఆలోచించి తొక్కడు, ఒంటికే తెలిసిపోయి ఉంటుంది. మెదడు నుంచి నరాల గుండా కండకు పోయే ఆ సంకేతాలను బనీను లోపలి సన్నటి తీగలు పట్టి దాచుకుంటాయి. తర్వాత అదే బనీను ఇంకొకడు తొడుక్కుంటే, వాడి కండలకు అవే సంకేతాలను చిన్న కరెంటు రూపంలో ఇస్తాయి. నెల రోజులు రోజూ కాసేపు తొడుక్కుంటే చాలు, తర్వాత బనీను విప్పేసినా ఒళ్లు మర్చిపోదు. ముప్పై ఏళ్ల సాధన మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటూ సంపాదించవచ్చన్నమాట.

కొత్తకుంట యువకులకు ఇందులో చివరి మాట బాగా నచ్చింది. అంతకుముందు పొద్దున్నే లేవాలని తాలీం ముఖం చూడనివాళ్లు నలభై మంది వచ్చి చేరారు. నగేష్ అప్పటిదాకా చేసిన కుస్తీ తెల్లవారుజామున దుప్పటితో చేసిందే.

భోజన్నకు కూడా బనీను అవసరం పడింది. సర్పంచ్ ముత్యంరెడ్డి ఎన్నికల హామీల్లో నెరవేరింది ఆయన ఇంటి ముందు రోడ్డు ఒక్కటే. రెండోది డ్రోన్ స్టేషన్ అయితే బాగుంటుందని ఆయనకు తోచింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ సామాన్లు డ్రోన్ల మీదే వస్తున్నాయి, కొత్తకుంటలో మాత్రం అవి ఇళ్ల కప్పుల మీద, గొర్రెల మంద మధ్యలో దిగుతున్నాయి. ఊరి మధ్య ఖాళీగా ఉన్న స్థలం తాలీం ఒక్కటే. పంచాయతీలో తీర్మానం అయింది. ఈ ఏడు జాతర కుస్తీల్లో వెండి కడియం తెస్తే తాలీం ఉంటుంది, లేకపోతే మట్టి గుంతలో సిమెంటు పోస్తారు. ఆ మట్టి భోజన్న ఉస్తాదుకు వాళ్ల ఉస్తాద్ అప్పగించిన మట్టి. ఏటా పసుపు, మజ్జిగ, నువ్వుల నూనె పోసి కలిపి, తన అన్నంలో ఒక చుక్క నూనె తక్కువైనా ఊరుకున్నాడు గానీ దానికి మాత్రం తక్కువ కానియ్యలేదు. జాతర ఇంకో వారం ఉంది.

"తప్పు బనీనుది," అన్నాడు భోజన్న.

"బనీను మీరు చేసిందే చేస్తుంది ఉస్తాద్," అంది డాక్టరమ్మ. "రికార్డింగ్ చేసిన నెలంతా మీరు ఎవరిని ఎత్తారు?"

"ఎవరినంటే, పొలగాండ్లను. నేర్సుకోనీకె వచ్చేటోళ్లను."

"అంటే నేర్పుతూ ఎత్తారు. పోటీలో కాదు."

"ఎట్ల ఎత్తినా ఎత్తుడే గద."

డాక్టరమ్మ టాబ్లెట్ తిప్పి వీడియో చూపించింది. అందులో భోజన్న ఒక పిల్లాణ్ణి గిరగిరా తిప్పి, తిట్టుకుంటూ, వాడి మెడ కింద అరచెయ్యి పెట్టి మట్టిలో పడుకోబెడుతున్నాడు. భోజన్న టాబ్లెట్‌ను దూరం పెట్టి చూశాడు. పక్కకు తిప్పి చూశాడు. చివరికి, "కెమెరా వంకర పెట్టిండ్రు," అన్నాడు.

మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చిన ఆయన భార్య లింబవ్వ, "నన్నడుగు బిడ్డా, నేను చెప్త," అంది. "ముప్పై ఏండ్ల సంది గిదే. ఒక్క పొలగానికి మెడ పట్టేసినా వాని తల్లి కొంగు బిగించుకొని మా వాకిట్లకు వచ్చి నిలబడేది. గా తల్లులకు భయపడి భయపడి చెయ్యి గట్ల అలవాటైంది ఈయనకు. జిల్లాల మొగోడెవనికీ భయపడలే, ఆడోళ్ల నోటికి భయపడ్డడు."

"నేనెవరికీ భయపడలే," అన్నాడు భోజన్న, కొంచెం చిన్నగా.

డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. నిజంగా పడేయాలన్న ఉద్దేశంతో ఒక్కసారి, ఒకే ఒక్కసారి పడేస్తే చాలట. ఆ చివరి ముక్కను మాత్రం పాతదాని మీద రాసి, నలభై మందికీ ఇచ్చేస్తుందట. "కానీ కోపం నిజంగా ఉండాలి. నటిస్తే నరం ఒప్పుకోదు."

"కోపానికేం కరువు," అంది లింబవ్వ. "మా ఇంట్ల నిలువ ఉన్నదే అది."

మరునాడు పొద్దున భోజన్న తనే బనీను తొడుక్కుని గుంతలో దిగాడు. ఊరు ఊరంతా కదిలి వచ్చింది. భోజన్నకు ఎవరెవరి మీద కోపమో కొత్తకుంటలో ఎవర్ని లేపి అడిగినా చెబుతారు గనుక ఎదురు నిలబడేవాళ్లను వెతకాల్సిన పని పడలేదు. మొదట బామ్మర్ది సాయిలే మళ్లీ దిగాడు. భోజన్న పెళ్లిలో మటన్ ఉడకలేదని పదిమందిలో అన్నవాడు సాయిలు. ఆ మాట ఈనాటికీ ఆ ఇంట్లో చల్లారలేదు.

"బావా, మటన్ నిజంగనే ఉడకలే," అన్నాడు సాయిలు, సాయం చేద్దామని.

భోజన్న ఎత్తాడు, తిప్పాడు, వేశాడు. చెయ్యి వెళ్లింది.

తర్వాత పొలం గట్టు జరిపిన పెద్దోల్ల కిష్టయ్య దిగాడు. తర్వాత బోరు మోటారును బాగుచేసినప్పుడల్లా ఇంకొంచెం చెడగొట్టిన మెకానిక్ దిగాడు. ఒక్కొక్కణ్ణి ఎత్తేటప్పుడు భోజన్న నోట్లోంచి వచ్చే తిట్లు పెరిగాయి, కింద పడేవాడు మాత్రం అంతకంతకూ మెత్తగా దిగాడు. కిష్టయ్య లేచి, "గట్టు సంగతి కూర్చొని మాట్లాడుకుందాం," అని కూడా అన్నాడు. భోజన్నకు ఒళ్లు మండిపోయింది.

"మీరు కోపంగానే ఉన్నారా?" అంది డాక్టరమ్మ.

"నన్ను జూస్తే ఎట్ల కనిపిస్తున్న?" అన్నాడు భోజన్న.

తమాషా చూడటానికి వచ్చిన సర్పంచ్ ముత్యంరెడ్డి తెల్లబట్టల్లో వెనక నిలబడి ఉన్నాడు. లింబవ్వ చూపు ఆయన మీద పడింది.

"పటేలా, నువ్వు దిగితే పనైతది."

"నేనెందుకమ్మా, నడుం నొప్పి మనిషిని."

"ఓటు అడగనీకె వచ్చిననాడు వంగి వంగి దండం పెట్టినవ్, అప్పుడు లేకుండెనా నడుం?"

ఓటర్లందరూ నవ్వాక ఇక దిగక తప్పదు. ముత్యంరెడ్డి చొక్కా విప్పాడు. ఆయన పొట్టను ఊరు పూర్తిగా చూడటం అదే మొదలు. భోజన్న ఆయన ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి తిట్టలేదు. ఈ మనిషి ఈ మట్టి మీద సిమెంటు పోయిస్తాడు. ఆ ఒక్కటే అనుకున్నాడు. తన కుడిచేతికి మనసులోనే చెప్పాడు, ఈసారి నువ్వు కదలొద్దు అని. బతిమాలినట్టు చెప్పాడు. పట్టు దొరికింది. ముత్యంరెడ్డి కాళ్లు లేచాయి, పొట్ట తిరిగింది.

చెయ్యి వెళ్లి మెడ కింద కూర్చుంది.

డాక్టరమ్మ టాబ్లెట్ మూసేసింది. భోజన్న తన అరచేతిని, పక్కింటివాళ్ల కొడుకు చేసిన వెధవపనిని చూసినట్టు చూశాడు. ముత్యంరెడ్డి మాత్రం లేవలేదు.

"ఏమైంది పటేలా, దెబ్బ తాకిందా?"

"లేదు," అన్నాడు ముత్యంరెడ్డి కళ్లు మూసుకుని. "జర ఆగు."

కాసేపటికి లేచి చొక్కా వేసుకున్నాడు. కడియం రాకపోతే సిమెంటే అని పోతూ పోతూ అన్నాడు గానీ, ఎప్పుడూ అన్నంత గట్టిగా అనలేదు.

జాతర సంగతి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. ఆనవాయితీ ప్రకారం ముందు కొబ్బరికాయ గెలుచుకునే చిన్న కుస్తీలు, చివర కడియం కుస్తీ. కొత్తకుంట వాళ్లు కొబ్బరికాయ దగ్గరే ఆగిపోయారు. నలభై మందీ ఎత్తారు. నలభై మందీ తిప్పారు. నలభై మందీ ఎదుటివాణ్ణి మెత్తగా పడుకోబెట్టి, లేవడానికి చెయ్యి కూడా అందించారు. మైకు పట్టుకున్నాయన సాయంత్రం దాకా బరాబర్, ఎవరూ గెలవలేదు, బరాబర్ అని గొంతు పోగొట్టుకున్నాడు. పైసా వసూల్ కాలేదని జనం మట్టిబెడ్డలు విసిరారు. కడియం ఎక్కడో మూలనున్న ఊరి పిల్లవాడికి పోయింది. వాడు బనీను తొడగలేదు, ఏళ్ల తరబడి పొద్దున్నే లేచాడంతే. భోజన్న నెత్తిన తువ్వాలు కప్పుకుని డ్రైవర్ లేని ఆటో ఎక్కాడు. దిగేటప్పుడు అది మీ ప్రయాణం ఎలా సాగింది అని అడిగింది. ఆయన చెప్పిన జవాబుకు ఆ ఆటో మళ్లీ ఆ వీధిలోకి రాలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ముత్యంరెడ్డి తాలీంకు ఒక్కడే వచ్చాడు. భోజన్న గుంత మధ్యలో కూర్చుని మట్టి పిసుకుతున్నాడు.

"సిమెంటు ఎప్పుడొస్తది?"

"వస్తది గని," అన్నాడు ముత్యంరెడ్డి. ఇటూ అటూ చూశాడు. "భోజన్నా, ఆ దినం ఎత్తినవ్ చూడు. అట్ల ఒకసారి ఎత్తు."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పాలె. ఆ దినం ఇంటికి పోయి పండుకున్న. ఎలక్షన్లయినంక మొదటిసారి నిద్ర పట్టింది." ఆయన చొక్కా గుండీలు తీస్తూనే ఉన్నాడు. "కింద పడుతున్న అని తెలుస్తది. గుండె ఝల్లుమంటది. గని పడం. గంతే."

భోజన్న ఆయన్ని ఎత్తింది చిరాకుతోనే. ముత్యంరెడ్డికి చిరాకుతో పనేముంది. మరునాడు ఆయన భార్యను తీసుకొచ్చాడు, ఆ మరునాడు మండలాఫీసు వాళ్లను. డ్రోన్ స్టేషన్ సర్పంచ్ తమ్ముడి పొలంలోకి పోయింది. అది మొదటి నుంచీ అక్కడికే పోవాల్సిందని ఊళ్లో అందరికీ తెలిసిందే.

తర్వాత తాలీం ముందు లైను మొదలైంది. టీచర్లు వచ్చారు, బ్యాంకు మేనేజరు వచ్చాడు, పట్నం నుంచి సాఫ్ట్‌వేర్ వాళ్లు బస్సు మాట్లాడుకుని వచ్చారు. కొత్త కోడళ్లు అత్తలతో వచ్చి, విడివిడిగా నిలబడ్డారు. ఆడవాళ్లను ఎత్తడానికి లింబవ్వే నెల రోజులు బనీను తొడుక్కుని నేర్చుకుంది. లైను చూసుకునేదీ ఆమే. నగేష్‌కూ మిగతావాళ్లకూ పొద్దస్తమానం చేతినిండా పని. పడిపోతున్నామని లోపలి చెవి చెప్పగానే ఒళ్లంతా బిగుసుకుంటుందనీ, ఆ క్షణంలో మెడ కింద చెయ్యి తగిలితే ఎన్నాళ్లుగానో బిగిసి ఉన్నవి కూడా వదులవుతాయనీ డాక్టరమ్మ ఒక పెద్ద వ్యాసం రాసింది. పట్టుకునేవాళ్లు లేని మనుషులు ఇంతమంది ఉన్నారని తనకు తెలియదని అందులో రాయలేదు గానీ, లింబవ్వతో అంది.

తాలీం నిలిచింది. దాంట్లో కుస్తీ మాత్రం లేదు. భోజన్న గట్టు మీద కూర్చుని రోజంతా గొణుగుతూ ఉంటాడు.

"బిడ్డా, పట్టు నేర్సుకుంటవా? మంచి పట్టు, చూపిస్త," అన్నాడొకరోజు లైన్లో ఉన్న పొడుగుపాటి కుర్రాడితో.

"వద్దు తాతా. పడేస్తే చాలు," అన్నాడు వాడు మర్యాదగానే.

భోజన్న లింబవ్వ వైపు తిరిగాడు. "చూసినవా? పడేయించుకోనీకె ఇంత దూరం వస్తరా మనుషులు? ఏమున్నది దాంట్ల?"

"నువ్వెన్నడన్న పడ్డవా?"

"నన్ను పడేసే మొగోడు ఈ జిల్లాల పుట్టలే."

"అందుకే నీకు తెల్వదు," అంది లింబవ్వ.

భోజన్న లేచి తువ్వాలు గట్టు మీద విసిరాడు. గుంతలో దిగి నగేష్ ముందు నిలబడ్డాడు. "నువ్వు పట్టు తప్పు పడుతున్నవ్. పొద్దటి సంది చూస్తున్న. నన్ను పట్టు, చెప్త."

నగేష్ దండం పెట్టుకుని ఎత్తాడు. రేకుల కప్పు తిరిగింది, లైన్లో నిలబడ్డవాళ్లు తలకిందులయ్యారు, భోజన్న పళ్లు బిగించి మెడ రాయి చేసుకున్నాడు. అప్పుడు ఆ చెయ్యి వచ్చింది. నగేష్ చెయ్యి మెత్తటిది, ఏ పనీ ఎరుగనిది. కానీ అది వచ్చిన తీరు, బొటనవేలు చెవి వెనక ఆనుకున్న తీరు, బరువు దించే ముందు ఒక్క లిప్త ఆగిన తీరు ఆయనవే. తన కింద పడిన పిల్లలందరికీ తెలిసి, తనకొక్కడికీ తెలియని చెయ్యి అది.

భోజన్న మట్టిలో కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. లైను కొంచెం ముందుకు వంగింది.

"ఉస్తాద్," అన్నాడు నగేష్ భయంగా.

"చెయ్యి ఆలస్యంగ వచ్చింది."

డాక్టరమ్మ టాబ్లెట్ చూసింది. "లేదండీ, సరిగ్గానే వచ్చింది."

"నీకేం తెలుసు డాక్టరమ్మా. తప్పు ఎక్కడున్నదో ఇంకోసారి చూడాలె. మళ్ల ఎత్తురా."

"మళ్ల కావాల్నంటే లైన్ల నిలబడు," అంది లింబవ్వ. "వాళ్లు పొద్దటి సంది నిలబడ్డరు."

భోజన్న లేచాడు. భార్యను, డాక్టరమ్మను, బనీనును, సర్పంచ్‌ను వరసగా తిట్టుకుంటూ గుంత ఎక్కాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పోయి బ్యాంకు మేనేజరు వెనక నిలబడ్డాడు.