కప్ప గోత్రం అబ్బాయి

పోలీసు బండి మలుపు తిరగ్గానే పరిగెత్తుతున్న జట్టంతా తలో దిక్కుకు చెదిరిపోయింది. జెరోటిచ్ పక్కనే ఉన్న మొక్కజొన్న చేలోకి దూకింది. అక్కడ అప్పటికే ఒకడు బోర్లా పడుకుని ఉన్నాడు.

"అమ్మో, నా చెయ్యి!"

"అరవకు, దొరికిపోతాం."

"తొక్కేదీ నువ్వే, అరవొద్దనేదీ నువ్వేనా?"

"దూరం జరుగు. కరోనా, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలని రేడియోలో రోజూ మొత్తుకుంటున్నారుగా."

"చేనంతా ఖాళీగానే ఉంది. నువ్వే జరుగు. ముందొచ్చింది నేను."

"ఎప్పుడూ ముందుండటమేనా నీ పని?"

"అవును. నా పనే అది."

అబద్ధం కాదు. కెన్యా కొండల మీది ఇటెన్‌లో అమ్మాయిలు పోటీలకు తయారయ్యేటప్పుడు వేగం చూపిస్తూ ముందు పరిగెత్తే మగవాళ్లుంటారు. గెలిచిన ఫొటోల్లో వాళ్లుండరు. కిప్తాలం అలాంటివాడు. రోడ్డు మీద అతని వీపు ఆమెకు తెలుసు. మొహం చూడటం ఇదే మొదలు. మొహమంటే సగమే. మూతికి గుడ్డ, గుడ్డ పైన నవ్వు ఆపుకోలేని కళ్లు, జుట్టునిండా ఎర్రమట్టి.

బండి వెళ్లిపోయింది. వాన అందుకుంది. ఇద్దరూ చెరో సాలు పట్టుకుని, ఒకరినొకరు తిట్టుకుంటూనే ఇళ్లకు పోయారు.

ఆ తర్వాత గుంపుగా పరిగెత్తడం పూర్తిగా బంద్. పోటీలు రద్దు. రాజధానిలో కలిగినవాళ్లు ఇంట్లోనే యంత్రమెక్కి పరిగెత్తి, ఆరోగ్యం జాగ్రత్త అని ఫొటోలు పెట్టుకున్నారు. ఈ కొండ మీద యంత్రాలెక్కడివి? ఇక్కడ పక్కనున్న మనిషి ఊపిరే గడియారం. రోగాన్ని ఆపాల్సిందే, కాదన్నవాడెవడూ లేడు. కానీ పరుగు ఆగిపోయిన మనిషికి లోపల ఏమవుతుందో అడగడానికి ఒక్క అధికారీ రాలేదు.

ఏమవుతుందో జెరోటిచ్‌ను చూస్తే చాలు. మంచం దిగడం మానేసింది. ఆవుల్ని ఆమెను పెంచిన అవ్వే పితుక్కుంది. మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద ముందు పెడితే చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. "ఎందుకు పరిగెత్తాలవ్వా? ఎక్కడికని?" అంది. అవ్వ గిన్నె తీసుకుపోయింది.

ఒక పొద్దున గేటు బయట నుంచి కేక వినిపించింది.

"ఓ చెయ్యి తొక్కినమ్మాయ్! ఉన్నావా?"

జెరోటిచ్ కిటికీ తెరిచింది. "నా ఇల్లెవరు చూపించారు నీకు?"

"గట్టిగా పరిగెత్తి, గట్టిగా తిట్టే పిల్ల ఎవరని అడిగా. ఊరంతా ఇటే చెయ్యి చూపించింది."

"లోపలికి రాకు."

"రాను. రూలు తెలుసు. నేను ముందు పోతుంటా, నా చొక్కా కనబడేంత దూరంలో నువ్వు వెనకాల రా. ఎవరైనా ఆపితే నువ్వెవరో నాకు తెలీదు."

"నువ్వెవరో నాకు నిజంగానే తెలీదు."

"ఇంకా మంచిది. రా."

"పోటీల్లేవు. ఎందుకు పరిగెత్తడం?"

"నాకు పని లేదు. గదిలో కూర్చుంటే గోడలు మీదకొస్తున్నాయి. నీకూ అంతేగా? కాస్త చెమట పడితే నాలుగు ముద్దలు దిగుతాయి, రా."

తన సంగతి ఇతనికెలా తెలిసిందా అని ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే బూట్లు తొడుక్కుంది. ఎక్కువ దూరం పోకముందే ఆయాసం వచ్చింది. అతను వెనక్కి తిరగలేదు, కానీ వేగం తగ్గించాడు. అది ఎలా పసిగట్టాడో ఆమెకు అర్థం కాలేదు. ఆ పూట గిన్నె ఖాళీ చేసింది.

అలా రోజూ వచ్చేవాడు. గేటు బయటే నిలబడేవాడు. చెయ్యి కలపడు, టీ ఇస్తే తాగడు. అవ్వ మాత్రం వాకిట్లో కూర్చుని అతన్ని ఎగాదిగా చూసేది.

ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఒక రోజు చూసింది, ఇంకో రోజు చూసింది. అవ్వనడిగితే "వాడికి పద్ధతి తెలుసు" అని ఊరుకుంది. ఇదేం జవాబు? జెరోటిచ్‌కు కోపం వచ్చింది. కోపం వెనకే భయమూ వచ్చింది. జ్వరమేమో. తీసుకుపోయి ఏ ఆసుపత్రిలోనో పడేశారేమో. మర్నాడు వానలోనే బయలుదేరి, అతను అద్దెకుండే రేకుల గది దాకా ఆగకుండా పరిగెత్తింది.

అతను చూరు కింద బట్టలు ఉతుక్కుంటున్నాడు.

"జ్వరమా?" అంది వాకిట్లోంచే.

"లేదే."

"కాలు విరిగిందా?"

"లేదు."

"అయితే నేనే విరగ్గొడతా. ఎందుకు రావట్లేదు?"

కిప్తాలం చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "మీ అవ్వ చెప్పలేదా? గోత్రం అడిగింది."

"ఏమని?"

"'అబ్బాయ్, మీది ఏ జంతువు' అంది. కప్ప అన్నా. 'మాది ఏనుగు, కప్పయితే పర్లేదు' అంది."

జెరోటిచ్‌కు అప్పుడు వెలిగింది. ఆ కొండల్లో గేటు బయట చెయ్యి కలపకుండా, ఇచ్చింది తాగకుండా నిలబడేవాడు పిల్లనడగడానికొచ్చినవాడే. గోత్రానికో జంతువు, ఇద్దరిదీ ఒకే జంతువైతే పెళ్లి కుదరదు; ఆడపిల్లవాళ్లు అది అడిగారంటే మాట మొదలైనట్టే. పెద్దలు వచ్చేదాకా అబ్బాయి మళ్లీ ఆ గుమ్మం ఛాయలకు రాకూడదు.

"బుద్ధుందా నీకు? నువ్వు రోగానికి భయపడి బయట నిలబడితే ముసలమ్మ పెళ్లికనుకుంది! పరుగు కోసమొచ్చానవ్వా అని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్పొచ్చు."

"మరి?"

"చెప్పబుద్ధి కాలేదు."

రేకుల మీద వాన గోల పెడుతోంది. కిప్తాలం చేతిలో చొక్కా పిండాడు.

"మీ అవ్వ అడిగేదాకా నేనూ పరుగు కోసమే అనుకున్నా. అడగ్గానే నోటికి కప్ప అని వచ్చేసింది. ఇంక రాకూడదుగా. మా వాళ్లకి కబురు పెడదామంటే లోయలో ఉన్నారు, బళ్లు లేవు. నువ్వు మళ్లీ మంచం పట్టావేమోనని నాకు నిద్ర లేదు."

"పట్టలేదు. ఒక్కదాన్నే వచ్చా" అంది. అన్నాక గానీ ఆమెకు తెలిసిరాలేదు. ఇంత దారి, ముందు ఎవరి వీపూ లేకుండా, ఆయాసం లేకుండా వచ్చింది.

"ఒక్కదానివే? ఇంత పైకా?"

"తిట్లు తయారుచేసుకుంటూ వచ్చా. దారి తెలీలేదు." మొహం మీది నీళ్లు తుడుచుకుంది. "మీ పెద్దల్ని పంపు."

"పెద్దలంటే గుంపు. గుంపంటే పోలీసులు."

"ఒక్కణ్ణే పంపు. చేతులు కడుక్కుని గేటు బయట కూర్చుని మాట్లాడమను."

"మా మేనమామ ఉన్నాడు. మాటల్లో ఒక్కడే పది మంది పెట్టు."

"అతన్నే పంపు. అందాకా రేపట్నుంచి నేనే ఇక్కడికొస్తా."

"అమ్మాయి రావచ్చా?" కిప్తాలం నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "రాకూడదని ఏమైనా ఉందేమో... మీ అవ్వనడిగితే..."

"అడక్కు" అని జెరోటిచ్ వానలోకి పరుగు తీసింది.